చేతికంటిన పేరు

మొదటి రోజు: త్బిలిసి

షార్జా మీదుగా వచ్చిన విమానం జార్జియా రాజధాని త్బిలిసిలో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బయట మా చెల్లెలి కూతురు ఉన్నికోటు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "ముందు ఇది వేసుకో పెద్దమ్మా, మాటలు తరువాత" అంది. మూడేళ్లుగా ఇక్కడ వైద్యం చదువుతోంది. ఈ నగరంలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఆ ఉదయం బస్సులోనే రెండు చోట్ల మన మాటలు చెవిన పడ్డాయి. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడాలి కాబట్టి పిల్లలు జార్జియన్ భాష నేర్చుకుంటారు. మా అమ్మాయికి అది బాగా పట్టుబడింది. నా ఈ ప్రయాణానికి మూలం కూడా ఆ భాషే.

ఆరు నెలల కిందట ఒక రాత్రి ఫోనులో, "ఇక్కడ ఒక ద్రాక్ష ఉంది పెద్దమ్మా, పేరు సాపెరావి. ఆ పేరుకు రంగు పట్టించేది అని అర్థమట" అని చెప్పింది. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా తాతయ్యకు శామీర్‌పేట వైపు నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. పందిరి నిండా అనాబ్-ఎ-షాహీ. మా ఇంట్లో అందరం "అనాబ్‌షాయి" అనేవాళ్లం. నా చిన్నతనంలో మార్చి, ఏప్రిల్ నెలల ఆదివారాలన్నీ ఆ పందిరి నీడలోనే గడిచాయి. తీగల కత్తిరింపు, గుత్తుల లెక్క, పెట్టెల్లో వరిగడ్డి పరిచి పండ్లు సర్దడం అన్నీ చూశాను. ఆ పేరుకు అర్థం ఏమిటని మాత్రం తాతయ్యను ఒక్కనాడూ అడగలేదు. అనాబ్ అంటే అరబ్బీలో ద్రాక్షపండ్లనీ, షాహీ అంటే రాజులదనీ తెలుసుకునేసరికి తాతయ్య లేడు. తోట కూడా లేదు, ఆ నేలంతా ఇళ్ల స్థలాలైపోయింది.

తోటలో బావి గట్టున మరో తీగ ఉండేది. చిన్నచిన్న నల్లటి పండ్లు, నోట్లో వేసుకుంటే పులుపుకు కళ్లు మూసుకుపోయేవి. దాన్ని అమ్మేవారు కాదు, కొనేవారు కూడా లేరు. అది పిల్లల తీగ. దాని మరకలు అంటిన గౌన్లు చూసి అమ్మ కోప్పడేది. ఆ తీగకు పేరుండేదో లేదో కూడా నాకు తెలియదు. ద్రాక్షకు పేరెలా వస్తుంది, ఆ పేరు పెట్టిన మనిషి ఏం చూసి పెట్టాడు అని తెలుసుకోవాలన్న కోరిక నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది. సెప్టెంబరు చివరి వారంలో రమ్మని అమ్మాయే చెప్పింది, సాపెరావి కోత అప్పుడే.

సాయంత్రం పాతబస్తీలో గంధకపు వేడినీటి స్నానశాలల మీదుగా నడిచాం. జార్జియన్‌లో త్బిలి అంటే వెచ్చన, ఊరి పేరు ఆ నీళ్ల వల్ల వచ్చింది. దారిలో ఒక భోజనశాల బోర్డు చూపించి అమ్మాయి చదివింది: "సాసాదిలో. సాదిలి అంటే భోజనం. ముందు సా చేరిస్తే ఆ పనికోసం ఉన్నది, ఆ పని జరిగే చోటు. ఈ దేశాన్ని వీళ్లు జార్జియా అనరు, సాకార్త్‌వేలో అంటారు, అంటే కార్త్‌వేలీలు ఉండే చోటు. పెరి అంటే రంగు. ఇప్పుడు నువ్వే చెప్పు, సాపెరావి అంటే ఏమిటి?"

రంగుకోసం ఉన్నది. రుచినిబట్టి, ఊరినిబట్టి, రాజునిబట్టి పేరు పెట్టినవాళ్లు ఉన్నారు. చేసే పనినిబట్టి పండుకు పేరు పెట్టడం నేను ఇదే వినడం. మన మామిడిలో చెరుకురసం ఉంది, సువర్ణరేఖ ఉంది, బంగినపల్లి ఉంది, కాలాన్నిబట్టి పునాస ఉంది. పని పేరుతో ఏదైనా ఉందా అని ఆ రాత్రి వెతుక్కుంటూ పడుకున్నాను. తట్టలేదు.

రెండో రోజు: త్బిలిసి

రుస్తావెలి వీధిలోని జాతీయ మ్యూజియానికి వెళ్లాం. బంగారు నగల గది ముందు జనం బారులు తీరారు. మేము వెతికింది ఒక మట్టి కుండను. ఖ్రామి లోయలో తవ్వకాల్లో దొరికిన కొత్తరాతియుగపు కుండ అది. ఉబ్బిన పొట్ట, దాని మీద చేత్తో అంటించిన గుండ్రటి మట్టి బుడిపెలు. అవి ద్రాక్షగుత్తులేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఎదురుగా నిలబడితే నాకూ అలాగే కనిపించింది. త్బిలిసికి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గదాచ్రిలి గోరా, షులావెరి గోరా అనే రెండు దిబ్బలున్నాయి. అక్కడ దొరికిన పెంకుల్లో ద్రాక్షసారా ఆనవాళ్లు బయటపడ్డాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఆ పెంకుల వయసు దాదాపు 8,000 ఏళ్లు. ద్రాక్షసారా తయారుచేసినట్టు ఇంతకన్నా పాత ఆధారం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు.

మధ్యాహ్నం సియోని కేథడ్రల్. నాలుగో శతాబ్దంలో క్రైస్తవాన్ని ఇక్కడికి తెచ్చిన సెయింట్ నినో, ద్రాక్షతీగ కొమ్మలు రెండింటిని తన తలవెంట్రుకలతో ముడివేసి శిలువ చేసుకుందని వీళ్ల నమ్మకం. ఆ శిలువను ఈ గుడిలోనే దాచుకున్నారు. తీగ కాబట్టి అడ్డకొమ్మ రెండు చివరలూ కిందికి వాలి ఉంటాయి. ఆ తరువాత చూసిన ప్రతి గుడిలోనూ నా కళ్లు ఆ వాలు కోసమే వెతికాయి. కొండ మీద 1958లో నిలిపిన కార్త్‌లిస్ దేదా విగ్రహం, అంటే ఈ కార్త్‌లి ప్రాంతపు తల్లి, ఒక చేతిలో కత్తి, మరో చేతిలో ద్రాక్షసారా గిన్నె పట్టుకుని ఊరంతటికీ కనిపిస్తూ ఉంటుంది. వచ్చింది శత్రువైతే కత్తి, చుట్టమైతే గిన్నె.

మూడో రోజు: గొంబోరి కనుమ మీదుగా

ఇసాని మెట్రో దగ్గర షేర్ టాక్సీ ఎక్కి కాఖేతికి బయలుదేరాం. ఈ దేశపు ద్రాక్షతోటల్లో సగానికి పైగా ఈ తూర్పు ప్రాంతంలోనే ఉన్నాయి. 1,620 మీటర్ల ఎత్తున్న గొంబోరి కనుమ దాటి దిగుతుంటే అలజాని నది లోయ ఒక్కసారిగా విచ్చుకుంది. అవతలి గట్టున కాకసస్ పర్వతాలు, శిఖరాల మీద అప్పుడే పడిన మంచు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తోటలే. మన దగ్గరలా పందిళ్లు లేవు. నడుమెత్తు తీగలు, ఇనుప తీగలకు ఆనించిన తిన్నటి వరుసలు. చలికాలమంతా మోడువారి నిద్రపోయి, వసంతంలో చిగురిస్తాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేసే మన రైతుకు ఈ నిద్ర వింతగా ఉంటుంది.

తెలావిలో 900 ఏళ్ల నాటిదని చెప్పే చినార్ చెట్టు కింద కాసేపు కూర్చుని, సాయంత్రానికి ముకుజాని దగ్గరి పల్లె చేరాం. అమ్మాయి సహాధ్యాయిని తాతగారి ఇల్లు అది. పెద్దాయనను ఇంట్లో అందరూ బాబువా అంటారు, తాత అని. పెద్దావిడను బెబియా, అంటే అమ్మమ్మ. నేనూ అలాగే పిలిచాను. ఇద్దరూ సంతోషించారు.

ఇంటి వెనక మరాని చూపించారు. మరాని అంటే ద్రాక్షసారా తయారుచేసే కొట్టు. లోపల పాత్రలేవీ కనిపించలేదు. నేల మీద వరసగా గుండ్రటి మూతులు మాత్రమే ఉన్నాయి. క్వెవ్రిలంటే అవే. మనిషి దిగి నిలబడేంత పెద్ద మట్టి కాగులు, మెడ దాకా నేలలో పాతిపెట్టినవి. లోపలి గోడకు తేనెమైనం పూస్తారు. అడుగు కోసుగా ఉంటుంది కాబట్టి గింజలు ఆ కొసలోకి జారి, మీది రసం తేటగా నిలుస్తుంది. నేల చల్లదనమే దానికి కాపు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. బాబువా మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. ఒక మూత తీసి, చెర్రీ చెట్టు బెరడుతో కట్టిన కుంచె తెచ్చి, లోపల ఎలా తోముతారో చూపించాడు. ఆ పని తన తండ్రి తనకు ఎనిమిదో ఏట నేర్పాడన్నాడు.

నాలుగో రోజు: ర్త్‌వేలి

ద్రాక్షకోతను ఇక్కడ ర్త్‌వేలి అంటారు. పట్నంలో ఉద్యోగాలు చేసే కొడుకులు, కోడళ్లు, మనవలు ముందురోజు రాత్రే వచ్చేశారు. సంక్రాంతికి మన పల్లెలు ఎలా నిండుతాయో ఈ ఇల్లూ అలా నిండింది. మంచు ఆరేదాకా ఆగి తొమ్మిదింటికి తోటలోకి దిగాం. నాకూ ఒక చిన్న కత్తెర, ఒక బకెట్ ఇచ్చారు. బకెట్లు నిండాక గొడోరి అనే పెద్ద బుట్టల్లోకి వంచుతారు.

తెల్లద్రాక్షల కోత అంతకు ముందు వారమే అయిపోయింది. వాటి పేర్లు అడిగాను. ఒకటి ర్కాత్సితెలి. ర్కా అంటే కొమ్ము, తీగ రెమ్మకూ ఆ మాటే. త్సితెలి అంటే ఎరుపు. పండు తెల్లటిది, పేరులో మాత్రం ఎరుపు! బాబువా ఒక తీగను పక్కకు లాగి, ముదిరిన రెమ్మను ఎండకు పట్టి చూపించాడు. బెరడు ఎర్రగా ఉంది. గుత్తి లేని రోజుల్లో కూడా రెమ్మ చూసి తీగను గుర్తుపట్టాలి కదా, ఆ పేరు పెట్టినవాడు తోటమాలి అయి ఉంటాడు. ఇంకొకటి మ్‌త్స్‌వానె, అంటే ఆకుపచ్చ, పండినా పచ్చగానే కనిపిస్తుంది. తినేవాడి కన్ను పండు మీద ఉంటుంది. పెంచేవాడి కన్ను రెమ్మ మీద, ఆకు మీద, మొగ్గ మీద ఉంటుంది. తీగకు ఎవరి కన్నుతో పేరు పెట్టారో ఆ పేరే చెబుతుంది.

ఇక సాపెరావి. గుత్తి వదులుగా ఉంటుంది. పండు చిన్నది, కోలగా ఉంటుంది. నలుపు మీద బూడిద రాసినట్టు సన్నటి తెల్లటి పొర. వేలితో తుడిస్తే కింద నీలిమందు రంగు. మొదటి పండు కోసి నోట్లో వేసుకోబోతుంటే బాబువా ఆపి, నా అరచేతిలో పెట్టి, "నొక్కు" అని సైగ చేశాడు. మన నల్లద్రాక్షను నొక్కితే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు. తొక్క నల్లగా ఉంటుంది, లోపలి గుజ్జు పచ్చటి గాజులా, రసం నీళ్లలా ఉంటుంది. రంగంతా తొక్కలోనే. ప్రపంచంలోని నల్లద్రాక్షల్లో చాలావాటి సంగతి ఇదే. ఈ పండును నొక్కగానే అరచేతి గీతల్లోకి ఎర్రటి రసం పాకింది. తొక్క చీలిన చోట గుజ్జు చూశాను, అది కూడా ఎర్రగానే ఉంది. గుజ్జులోనే రంగున్న ద్రాక్షలు చాలా అరుదు. వేరే ద్రాక్షరసం పలచగా ఉంటే ఇది కొంత కలిపి రంగు పట్టించడం పాత అలవాటు. ఆ అలవాటే పేరైంది.

"నేరేడుపండు తిన్న నాలుకలా" అన్నాను. అమ్మాయి దాన్ని ఎలా అనువదించిందో తెలియదు, బాబువా తన నాలుక చాపి చూపించాడు. నల్లగా ఉంది.

రంగు గురించి ఇంకొక మాట చెప్పాలి. ఈ ద్రాక్షతో చేసినదాన్ని అంగళ్లలో ఎర్రవైన్ అని అమ్ముతారు. ఇక్కడి పల్లెల్లో మాత్రం అది షావి ఘ్వినో, అంటే నల్లసారా. మనమూ నల్లద్రాక్ష అనే అంటాం, ఎర్రద్రాక్ష అనం. ఇంత దూరాన ఉన్న ఇద్దరు రైతుల కళ్లకు అది ఒకే రంగుగా కనిపించిందని తెలిసి మనసు నిండింది.

పదకొండు గంటలయ్యేసరికి నడుము పట్టేసింది. గట్టు మీద కూర్చుని రొట్టె, జున్ను తింటుంటే బాబువా తోట చరిత్ర చెప్పాడు. తూర్పు మూల తీగలు మిగతావాటికన్నా లేతవి. అక్కడున్న పాత తోటను 1985 తరువాత పెరికేశారట. మద్యపానం మాన్పించాలని సోవియట్ ప్రభుత్వం పట్టుబట్టిన కాలం అది. అంతకు ముందు అదే ప్రభుత్వం ఎక్కువ దిగుబడి కావాలని ర్కాత్సితెలినీ, సాపెరావినీ ఊరూరా నాటించింది. ఆ రెండూ బతికాయి, మిగతా వందల రకాలు పెరటి తీగలుగా మిగిలాయి. 2006లో రష్యా ఇక్కడి వైన్ దిగుమతిని నిషేధించింది, 2013 దాకా ఎత్తేయలేదు. అమ్మకమంతా అటే కాబట్టి ఆ ఏడాది గుత్తులు తీగల మీదే ఎండిపోతాయని భయపడ్డారట. చివరికి ఇంటి క్వెవ్రిలు నింపుకున్నారు. పంట చేతికొచ్చాక కొనేవాడు లేకపోతే రైతు ముఖం ఎలా ఉంటుందో నేను మా తాతయ్య దగ్గర చూశాను. బాబువా ఆ సంగతి చెబుతున్నప్పుడు అదే ముఖం.

మధ్యాహ్నం గొడోరీలన్నీ మరానికి చేరాయి. ఒక పెద్ద చెట్టు మానును తొలిచి చేసిన తొట్టి ఉంది, పేరు సాత్స్‌నాఖెలి. అందులోనూ సా ఉంది, నొక్కడం కోసం ఉన్నది. పిల్లలు కాళ్లు కడుక్కుని ఎక్కారు. కింది తూము నుంచి రసం ముందు చుక్కలుగా, తరువాత ధారగా పడింది. నురగ గులాబీ రంగు, ధార నల్లటి ఎరుపు. ఆ తాజా రసాన్ని త్‌క్‌బిలి అంటారు, తీపి అని అర్థం. నేను మద్యం తాగను. బెబియా అది చూసి నాకు మట్టి గిన్నె నిండా త్‌క్‌బిలి ఇచ్చింది. చిక్కగా, గొంతు పట్టేసేంత తీపి, వెంటనే నాలుక అంచుల్లో చురుక్కుమనే పులుపు. ఆ పులుపు నాకు తెలుసు, అది బావి గట్టు పులుపే.

రసంతోపాటు తొక్కలు, గింజలు కూడా క్వెవ్రిలోకి వెళ్లాయి. బయటి నుంచి ఏ పులియబెట్టే మందూ వెయ్యరు, పండు మీది పొరలో ఉన్నదే ఆ పని చేస్తుంది. రోజుకు కొన్నిసార్లు పైకి తేలిన తొక్కల్ని కిందికి తొక్కాలి. పొంగు తగ్గాక మూతపెట్టి మట్టితో మూసేస్తారు. మళ్లీ తెరిచేది వసంతంలోనే.

రాత్రి విందు. దాన్ని సుప్రా అంటారు. తమాదా అనే పెద్ద లేచి, ఒక్కొక్క సంగతినీ తలచుకుని మాట్లాడాకే గిన్నెలెత్తాలి. దేవుడిని, దేశాన్ని, చనిపోయిన పెద్దలను తలచుకున్నారు. పెద్దల వంతు వచ్చినప్పుడు నన్నూ మాట్లాడమన్నారు. తాతయ్య తోట గురించి చెప్పాను. ఏ ద్రాక్ష అని అడిగాడు బాబువా. "అనాబ్-ఎ-షాహీ, రాజుగారి ద్రాక్ష" అన్నాను. అమ్మాయి అనువదించకముందే షా అన్న మాట అందరికీ అర్థమైంది. బల్ల చుట్టూ ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. 1614 నుంచి 1617 దాకా ఇరాన్ షా అబ్బాస్ కాఖేతి మీద దండెత్తి, ఊళ్లు తగలబెట్టి, ద్రాక్షతీగలు నరికించి, వేలమందిని ఇరాన్‌కు తరలించాడు. ఆ తరలిపోయినవాళ్ల సంతతి ఇప్పటికీ ఇరాన్‌లోని ఫెరెయ్‌దూన్‌షహర్‌లో జార్జియన్ మాట్లాడుతోంది. ఈ లోయలో షా అంటే తీగలు నరికినవాడు. మా ఇంట్లో అదే మాట గొప్ప పండుకు పేరు. నాలుగు వందల ఏళ్ల నాటి దెబ్బ ఒక్క మాటకు మేలుకుంటుందని నేను ఊహించలేదు. ఏం చెప్పాలో తెలియక కూర్చున్నాను. బాబువా లేచి వచ్చి, నా ముందున్న త్‌క్‌బిలి గిన్నెకు తన గిన్నె తాకించి, "మీ తాతగారి తీగకు" అన్నాడు. అందరూ "గాఉమార్జోస్" అన్నారు. దానికి జయమగుగాక అని అర్థం.

ఐదో రోజు: పల్లెలోనే

పొద్దున్న సబ్బుతో చేతులు కడుక్కుంటే వేళ్లు నీలంగా మారాయి. ఎంత రుద్దితే అంత నీలం. కంగారుపడి బెబియాకు చూపించాను. ఆమె నవ్వి, పెరట్లోంచి పండని పుల్లటి ద్రాక్షలు నాలుగు తెచ్చి నా వేళ్ల మీద చిదిమి రుద్దింది. చూస్తుండగానే నీలం పోయి ఎరుపు తిరిగొచ్చింది. సబ్బులోని క్షారానికి ఈ రంగు నీలమవుతుంది, పులుపుకు ఎర్రబడుతుంది. అమ్మాయి వైద్యవిద్యార్థిని కదా, ఆమ్లాలూ క్షారాలూ వివరించబోయింది. నాకు మాత్రం దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తుకొచ్చాయి. పసుపు నీళ్లలో సున్నం వేయగానే ఎర్రబడతాయి కదా, మా అమ్మమ్మ చేతిలోని ఆ విద్యే ఇక్కడ బెబియా చేతిలో ఉంది. ఎర్రనీళ్ల సంగతి చెప్పాను. ఆమెకు ఎంత నచ్చిందో, మూడుసార్లు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. మరక మాత్రం పూర్తిగా పోలేదు. వారం ఉంటుందంది.

ఆ రోజంతా వాన. ఆడవాళ్లం వంటింట్లో చుర్చ్‌ఖేలా చేశాం. అక్రోటు పప్పులను సూదితో దారానికి గుచ్చి మాలలు కట్టాలి. సాపెరావి రసాన్ని పెద్ద రాగి పాత్రలో కాచి, గోధుమపిండి కలిపి, గరిట నిలిచేంత చిక్కగా ఉడికించాలి. ఆ ముద్ద పేరు తతారా. అందులో మాలను ముంచి తీసి కొయ్యకు వేలాడదీయాలి. ఆరాక మళ్లీ ముంచాలి. మా గోదావరి చుట్టాలు చాప మీద మామిడిరసం పొర మీద పొర పోసి తాండ్ర ఎండబెట్టే తీరు కళ్ల ముందు మెదిలింది. ముంచే చెయ్యి వణికితే పొర సమంగా రాదు. నేను ముంచినవి మూడు, మిగతా వాటికన్నా కాస్త లావుగా వచ్చాయి. వాటికి ఎర్రదారం కట్టి గుర్తు పెట్టింది బెబియా, నాతో పంపడానికి.

ఆరో రోజు: అలావెర్ది

ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని అలావెర్ది మఠానికి వెళ్లాం. పదకొండో శతాబ్దపు కేథడ్రల్, లోయ మధ్యలో ఒంటరిగా తెల్లగా నిలబడి ఉంటుంది. సన్యాసులు ఇప్పటికీ ప్రాకారం లోపల ద్రాక్ష పెంచుతూ, క్వెవ్రిల్లో ద్రాక్షసారా చేస్తున్నారు. ఒక వరుసలో అన్నీ వేరువేరు రకాల తీగలు, ప్రతిదాని ముందూ పేరు రాసిన పలక. మధ్యాహ్నం ఎండలో ఆ పలకలు ఒక్కొక్కటే అమ్మాయి చదువుతుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను. రాత్రికి త్బిలిసి.

ఏడో రోజు: జిఘౌరా

పాత రాజధాని మ్‌త్స్‌ఖేతాకు దగ్గరలో జిఘౌరా అనే చోట ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం వారి ద్రాక్ష సేకరణ ఉంది. ఈ దేశపు సొంత రకాలు 500కు పైగా ఉన్నాయని లెక్క. వాటిలో నాలుగు వందలకు పైగా ఇక్కడ వరుసల్లో బతుకుతున్నాయి. పెరళ్లలో, చెట్ల మీద, పాడుబడిన ఇళ్ల గోడల వెంట మిగిలిన తీగలను వెతికి, రెమ్మలు తెచ్చి నాటారు. ముందుగా అనుమతి అడిగి ఉంచాం కాబట్టి వరుసల మధ్య తిరగనిచ్చారు.

ఒజాలెషి ముందు ఆగాం. పడమటి ప్రాంతపు మెగ్రెలియన్ భాషలో జా అంటే చెట్టు, ఒజాలెషి అంటే చెట్టు మీదికి పాకేది. అక్కడ తీగను గుంజకు కట్టరు, నిలువెత్తు చెట్టు మీదికి పాకిస్తారు. కోత కోసేవాడు నిచ్చెన వేసుకుని పైకెక్కాలి. ఆ పేరు వినగానే ఆ తోట ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

చివరి వరుసలో ఒక పలక దగ్గర అమ్మాయి ఆగి, రెండుసార్లు చదివి, నా వైపు తిరిగింది. "ఉసాఖెలౌరి. సాఖెలి అంటే పేరు. ముందు ఉ చేరితే లేనిది అని. పేరులేనిది పెద్దమ్మా."

లెచ్‌ఖూమి కొండల్లో, ఒకటి రెండు పల్లెల్లో మాత్రమే పండే నల్లద్రాక్ష అది. దిగుబడి చాలా తక్కువ కాబట్టి దాని సారాకు ఈ దేశంలోకెల్లా ఎక్కువ ధర పలుకుతుంది. ఎవరో ఎప్పుడో దీన్ని ఏమనాలని అడిగి ఉంటారు, పేరు లేదని జవాబు వచ్చి ఉంటుంది, ఆ జవాబే నిలిచిపోయి ఉంటుందని నా ఊహ. గుత్తులు అప్పటికే కోసేశారు. ఆకులు అంచుల్లో ఎర్రబడుతున్నాయి. ఆ తీగ ముందు చాలాసేపు నిలబడ్డాను.

అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాను. అమ్మకు ఇప్పుడు 78 ఏళ్లు.

"అమ్మా, తాతయ్య తోటలో బావి గట్టున ఒక నల్లద్రాక్ష ఉండేది కదా. దాని పేరేమిటి?"

"దానికి పేరేముందే? బావితీగ అనేవాళ్లం."

"ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు. మా నాన్న తోట కొనేసరికే ఉంది. బావి పూడ్చినప్పుడు అదీ పోయింది." కాసేపు ఆగి, "అక్కడ నువ్వు కూడా పండ్లు కోశావటగా? ఏవీ, చేతులు చూపించు" అంది.

ఫోను అమ్మాయికిచ్చి రెండు చేతులూ కెమెరా ముందు చాపాను. గోళ్ల చుట్టూ, వేళ్ల గీతల్లో సాపెరావి ఇంకా ఎర్రగా ఉంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగి చూసింది.

"బట్టలకు అంటించుకోలేదు కదా" అంది.